బ్యాటరీ బిగింపు యంత్రము: నీటిగొట్టముల పనికి దానిని ఎన్నుకొను విధము

మన గ్రామములలో ఒకప్పుడు నీరు బావినుండి బిందెలలో ఇంటికి వచ్చుచుండెను. ఇప్పుడు గొట్టములలో వచ్చుచున్నది. తెలంగాణమున 2016లో మిషన్ భగీరథయు, దేశమంతటికిని 2019లో జల జీవన్ మిషన్‌ను ప్రారంభమైన పిమ్మట ఇంటింటికిని కుళాయి అమర్చు పని మిక్కిలి విస్తరించినది. గొట్టములో నీరు వచ్చుట యెంత సుఖమో, గోడలోపల ఆ గొట్టపు అతుకు కారుట అంత దుఃఖము. గొట్టము నడుమ పగులుట అరుదు. చెడునది సాధారణముగా అతుకే. ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములకు గ్రామ నీటిసరఫరా పథకముల నిర్వహణకు అర్హత కల్పింపబడినందున, అతుకుల సంగతి ఇకమీదట మేస్త్రీకి మాత్రమే చెందినది కాదు, సంఘపు పాలకవర్గమునకును చెందినది.

ఇట్టి సమయమున “బ్యాటరీ ప్రెస్ టూల్” అను క్రొత్త పనిముట్టును గూర్చి సభ్యులు తఱచుగా అడుగుచున్నారు. దీనిని సంఘము కొని అద్దెకిచ్చిన లాభమా? ప్లంబింగు పని నేర్చిన కుమారునికి దీనికొఱకు అప్పు ఇప్పింపవచ్చునా? అమ్మువారు చెప్పునట్లు నిప్పు లేకుండ, మర లేకుండ, క్షణములో అతుకు పడునా? ఈ ప్రశ్నలు చిన్నవి కావు. మంచి కంపెనీ యంత్రము దవడలతోకూడ లక్ష రూపాయలు దాటుట సామాన్యము. అది ఒక రైతునకు ఒక పంట సొమ్ము. సంఘమునకు అది సభ్యుల వాటాధనము. కావున ఇది యేమి చేయును, ఏమి చేయజాలదు, కొనదలచినవారు దేనిని చూచి కొనవలెను అను సంగతులను వరుసగా వివరించెదను.

ఈ యంత్రమనగా నేమి?

రెండు గొట్టములను కలుపుటకు మనవారు ఎఱిగిన పద్ధతులు నాలుగు. ఇనుప గొట్టమునకు మరలు కోసి, జనపనారగాని టేపుగాని చుట్టి బిగింతురు. పి.వి.సి. గొట్టమునకు జిగురు రాసి జొనుపుదురు. నల్లని హెచ్.డి.పి.ఇ. గొట్టమును వేడిపలకపై కరగించి ఒకదాని కొకటి అదుముదురు. రాగి గొట్టమునకు నిప్పుతో టంకము పోయుదురు. బిగింపు పద్ధతి అయిదవది. ఇందులో నిప్పును లేదు, జిగురును లేదు, మరయును లేదు.

కప్లింగు, ఎల్బో, టీ మొదలగు ఫిట్టింగుల కొనలయందు ఉబ్బెత్తుగా ఒక గాడి యుండును. ఆ గాడిలో ఓ-రింగ్ అను రబ్బరు వలయము కూర్చొనియుండును. గొట్టమును లోపలికి జొనిపి, ఆ ఉబ్బును యంత్రపు దవడలనడుమ ఉంచి మీట నొక్కినయెడల, దవడలు మూసికొని లోహమును నలువైపులనుండి అదుమును. రబ్బరు గొట్టమునకు గట్టిగా హత్తుకొని నీటిని ఆపును. నొక్కబడిన లోహము గొట్టము ఊడిరాకుండ పట్టుకొనును. ఆపుట రబ్బరు పని, పట్టుట లోహపు పని అని జ్ఞాపకముంచుకొన్న చాలును. ఈ రెండింటిలో ఏది లోపించినను అతుకు నిలువదు.

యంత్రపు లోపల జరుగునది యిట్లు. బ్యాటరీ ఒక చిన్న మోటారును త్రిప్పును. మోటారు ఒక పంపును నడిపి నూనెను ముషలకము వెనుకకు త్రోయును. ముషలకము ముందుకు వచ్చి తన కొననున్న చక్రములతో దవడల వెనుక భాగములను విడదీయగా, ముందు భాగములు మూసికొనును. నియమితమైన ఒత్తిడి చేరగానే కవాటము తెఱచుకొని ముషలకము తనంతట వెనుకకు పోవును. ఇదియంతయు కొలది సెకనులలో ముగియును. కొన్ని యంత్రములలో నూనెకు బదులు మరకడ్డీ యుండును, ఫలము ఒక్కటియే.

పెద్దరకపు యంత్రము సాధారణముగా 32 కిలోన్యూటనుల బలముతో నొక్కును. అనగా సుమారు 3,260 కిలోల బరువు. 75 కిలోల ధాన్యపు బస్తాలు నలువదిమూడింటిని ఒకదానిపై నొకటి పేర్చినంత భారము ఆ దవడల వెనుక నున్నదని యెంచుకొనుడు. వ్రేలు నడుమ పడిన ఏమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఏ గొట్టములకు పనికివచ్చును? వేనికి పనికిరాదు?

కొనుటకు ముందు ప్రతివాడును వేసికొనవలసిన మొదటి ప్రశ్న యిదియే. మన పొలములలోను ఇండ్లలోను ఉన్న గొట్టములలో అధికభాగమునకు ఈ యంత్రముతో పనియే లేదు. పి.వి.సి., సి.పి.వి.సి. గొట్టములకు జిగురే తగిన అతుకు. వానిని దవడలతో నొక్కిన పగులును. హెచ్.డి.పి.ఇ. గొట్టములకు కరగించు పద్ధతియో, త్రిప్పి బిగించు కంప్రెషన్ ఫిట్టింగులో ఉన్నవి. బిందుసేద్యపు పార్శ్వనాళములకు చేతితో జొనుపు ముక్కలు చాలును. కావున బోరునుండి పొలమునకు నీరు తెచ్చుకొను రైతు ఈ యంత్రమును కొనిన, అది గూటిలో కూర్చుండును. అప్పు మాత్రము వడ్డీతో పెరుగును.

ఇది పనికివచ్చునవి ముఖ్యముగా మూడురకములు. ఒకటి, రాగి గొట్టములు. రెండు, పలుచని గోడగల స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టములు. మూడు, నడుమ అల్యూమినియము రేకును లోపల వెలుపల ప్లాస్టిక్కును గల మిశ్రమ గొట్టములును, పెక్స్ అను ప్లాస్టిక్ గొట్టములును. దళసరి ఇనుప గొట్టములకు గూడ ప్రత్యేకమైన బిగింపు ఫిట్టింగులు కలవు గాని, వానికి వేఱు దవడలు కావలయును. మామూలు ఫిట్టింగులతో పని జరుగదు.

ఇట్టి గొట్టములు గ్రామములలో ఎచ్చట నుండును? వసతి గృహముల వేడినీటి లైనులలోను, మంచినీటి శుద్ధి కేంద్రములలోను, ఆసుపత్రులలోను, క్రొత్తగా కట్టు కల్యాణ మండపములలోను, పట్టణమునకు సమీపమున వెలయుచున్న మేడలలోను ఉండును. పాలకేంద్రమున కడుగునీటి లైనుకు వాడవచ్చును; కాని పాలు ప్రవహించు గొట్టమునకు ఈ అతుకు వాడరాదు. బిగింపు అతుకు లోపల సన్నని సందు మిగులును. ఆ సందులో పాలు నిలిచి పులిసి క్రిములు పెరుగును. పాలలైనునకు లోపల నునుపుగా వెల్డింగు చేసిన గొట్టమే తగును.

గ్రామములోని ఎత్తుటాంకి పది మీటర్ల ఎత్తున నున్నయెడల, క్రింది కుళాయివద్ద నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు ఒక కిలో మాత్రమే. ఇంత స్వల్పమైన ఒత్తిడికి చక్కగా అంటించిన జిగురు అతుకుగాని చక్కగా కోసిన మర అతుకుగాని చాలును. బిగింపు అతుకు గొప్పతనము బలములో కంటె వేగములోను, నిప్పు అక్కఱలేకుండుటలోను ఉన్నది. కప్పుగడ్డి, ప్రత్తిబస్తాలు, చెక్కదూలములు ఉన్న చోట టంకపు నిప్పు వెలిగించుట ప్రమాదము. గొట్టములో కొంచెము తడి నిలిచియున్నను టంకము పట్టదు. బిగింపు అతుకు పట్టును. మరమ్మతు పనిలో ఇది గొప్ప సౌకర్యము.

నీటిని, చోటును ముందుగా పరీక్షింపుడు

యంత్రము మంచిదైనను, గొట్టపు లోహము మన నీటికి సరిపడనియెడల సొమ్ము వ్యర్థము. త్రాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారము లీటరునకు 250 మిల్లీగ్రాముల క్లోరైడు అంగీకార్యము. వేఱొక నీటివసతి లేనపుడు 1,000 వఱకు సహింపదగినది. మనుష్యుడు సహించు ఉప్పును లోహము సహింపక పోవచ్చును. స్టెయిన్‌లెస్ ఉక్కులో 304 రకము ఉప్పునీటికి త్వరగా సూదిపోట్లవలె తూట్లు పడును. 316 రకము అంతకంటె ఓర్చుకొనును. దివిసీమవంటి సముద్రతీర ప్రాంతములలో బోరునీరు ఉప్పగానుండుట యెల్లరు ఎఱిగినదే. అట్టిచోట నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ చీటిని గొట్టముల తయారీదారు ఇచ్చిన హద్దులతో సరిచూచిన పిమ్మటనే లోహపు గొట్టమును ఎన్నుకొనవలెను. ఆ హద్దు దాటినచో ప్లాస్టిక్ గొట్టమే మేలు. అప్పుడు ఈ యంత్రపు ప్రసక్తియే లేదు.

రెండవ సంగతి పశువుల కొట్టము. పశువుల మూత్రమునుండి అమ్మోనియా వాయువు పుట్టును. ఇది ఇత్తడికి శత్రువు. ఆంగ్ల ప్రభుత్వకాలమున మన దేశములోని సైన్యమువారు వర్షకాలములో తూటాలను గుఱ్ఱపుశాలలలో నిలువచేయగా, వాని ఇత్తడి గుల్లలు ఎవరును తాకకుండనే పగులుచుండెను. గుఱ్ఱముల మూత్రమునుండి వచ్చు అమ్మోనియాయే దీనికి కారణమని 1921లో శాస్త్రజ్ఞులు వివరించిరి. బిగించబడిన లోహమునందు లోపలి ఒత్తిడి నిలిచియుండును గనుక, ఈ నియమము బిగింపు ఫిట్టింగులకును వర్తించును. పశువుల కొట్టములోను, యూరియా నిలువచేయు గదిలోను, ఎరువును నీటితో కలిపి పంపు లైనులోను ఇత్తడి ఫిట్టింగులను పెట్టకుండుట శ్రేయస్కరము.

మూడవది రబ్బరు వలయము. నీటిపనికి వాడునది ఇ.పి.డి.ఎం. అను రబ్బరు. ఇది వేడినీటికి ఓర్చును గాని, డీసెలు, కిరోసిను, ఇంజనునూనె, గ్రీజు తగిలిన ఉబ్బి మెత్తబడును. కొందఱు పనివారు గొట్టము సులభముగా దిగుటకు గ్రీజు రాయుదురు. ఇది పెద్ద తప్పు. అవసరమైనచో శుభ్రమైన నీరుగాని సబ్బునీరుగాని చాలును. వంటగ్యాసునకును, నూనెతో కూడిన గాలి లైనులకును, సూర్యతాపక యంత్రముల అధిక ఉష్ణమునకును వేఱువేఱు రబ్బరులు కలవు. నీటి ఫిట్టింగును తెచ్చి గ్యాసు లైనునకు పెట్టుట ప్రాణాపాయము.

యంత్రమును ఎన్నుకొనునపుడు చూడవలసినవి

1. పరిమాణము. ఈ యంత్రములు ముఖ్యముగా రెండు తరగతులు. చిన్నరకము సుమారు 19 నుండి 24 కిలోన్యూటనుల బలము గలది. లోహపు గొట్టములను సాధారణముగా 28 లేక 35 మిల్లీమీటర్ల వఱకు నొక్కును. పెద్దరకము 32 కిలోన్యూటనులది. 54 మిల్లీమీటర్ల వఱకు, అనగా రెండంగుళముల వఱకు నొక్కును. దీనికి గొలుసువలె చుట్టుకొను ప్రత్యేక పట్టీలను తగిలించి కొన్నింటితో 108 మిల్లీమీటర్ల వఱకు పోవచ్చును. ఇంటిపని చేయు మేస్త్రీకి అరంగుళము, ముప్పాతికంగుళము, అంగుళము గొట్టములే తఱచు. అతనికి చిన్నరకము చాలును; తేలికయు, వెల తక్కువయు. వసతి గృహములు, శుద్ధి కేంద్రములు వంటి పెద్దపనులు నిశ్చయముగా దొఱకుననిన మాత్రమే పెద్దరకమును తలపవలెను. “ఎప్పుడైన పనికివచ్చునేమో” అని పెద్దది కొనుట, ఒక కుంట దున్నుటకు పెద్ద ట్రాక్టరు కొనుటవంటిది.

2. దవడలు. కొనువారు ఎక్కువగా మోసపోవునది యిక్కడనే. యంత్రము వెల ఒకటి, దవడల వెల వేఱొకటి. ప్రతి గొట్టపు కొలతకును ఒక దవడ కావలయును. అంతియే కాదు, ప్రతి ఫిట్టింగు తయారీదారు తన ఫిట్టింగునకు ఒక ఆకృతిని నిర్ణయించును. లోహపు గొట్టములలో ఎం అను ఆకృతియు వి అను ఆకృతియు ప్రసిద్ధములు. మిశ్రమ గొట్టములకు టి.హెచ్., యు మొదలగునవి కలవు. ఎం దవడతో వి ఫిట్టింగును నొక్కిన, చూచుటకు అతుకు పడినట్లే యుండును. కొన్నాళ్లకు గోడలో కారుట మొదలిడును. కావున మొదట మన ప్రాంతపు దుకాణములలో ఏ ఫిట్టింగులు ఎల్లప్పుడును దొఱకునో విచారించి, వాని ఆకృతి యేదో తెలిసికొని, దానికి తగిన దవడను, ఆ దవడ పట్టు యంత్రమును ఎన్నుకొనవలెను. ముందు ఫిట్టింగు, తరువాత దవడ, ఆ తరువాత యంత్రము: ఇదియే సరియైన వరుస. అమ్మువారు దీనిని తలక్రిందుగ నడిపింతురు.

3. అతుకు నొక్కుట మఱచిన తెలియు ఏర్పాటు. కొన్ని ఫిట్టింగులలో నొక్కని అతుకు పరీక్షలో తప్పక కారునట్లు రబ్బరుగాని గాడిగాని అమర్చియుందురు. ఇది లోపము కాదు, గొప్ప సుగుణము. నూఱు అతుకులలో ఒకటి నొక్కుట మఱచుట మనుష్య స్వభావము. ఆ యొక్కటి మొదటిదినముననే కారి తెలిసిన మేలు. గోడకు సున్నము వేసిన పిమ్మట తెలిసిన కీడు. ఇట్టి ఫిట్టింగులనే కోరి కొనుడు.

4. బ్యాటరీ. ఇప్పటి యంత్రములకు 12 లేక 18 వోల్టుల లిథియం-అయాన్ బ్యాటరీలు వచ్చుచున్నవి. ఈ బ్యాటరీలు 1991లో బజారులోనికి వచ్చినవి. వీనికి ఆధారమైన పరిశోధనలకు 2019లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించినది. బ్యాటరీ నిలువను తెలిసికొనుటకు వోల్టులను ఆంపియర్-గంటలతో గుణింపవలెను. 18 వోల్టులు, 2 ఆంపియర్-గంటలైన 36 వాట్-గంటలు. 5 ఆంపియర్-గంటలైన 90. చిన్న గొట్టములకు తక్కువయు, పెద్ద గొట్టములకు ఎక్కువయు ఖర్చగును. ఒక పెద్ద బ్యాటరీకంటె రెండు చిన్నవి మేలు. ఒకటి పనిలో నుండగా రెండవది చార్జి యగుచుండును. ఆ బ్యాటరీయే అదే కంపెనీ డ్రిల్లునకు, కోతమిషనుకు పనికివచ్చునేమో చూచుకొనుట పొదుపు.

మన ఎండలు బ్యాటరీకి శత్రువులు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటుట కలదు. అంతటి వేడిలో లిథియం బ్యాటరీని చార్జి చేయరాదు. మంచి చార్జరు తానే నిరాకరించును. వేడెక్కిన బ్యాటరీని నీడలో చల్లార్చి పిదప చార్జరులో పెట్టవలెను. జీపులోను, రేకులకప్పు క్రిందను, ఎండలోను ఉంచరాదు. బహుదినములు వాడనియెడల సగముమేర చార్జితో నిలువచేయవలెను. ఉబ్బిన బ్యాటరీని మరల వాడుట అపాయము. పాడైనదానిని చెత్తకుప్పలోగాని చెఱువులోగాని వేయక, అమ్మిన దుకాణమునకు తిరిగి యీయవలెను. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమావళి ప్రకారము వానిని తిరిగి తీసికొను బాధ్యత తయారీదారులది.

5. తీగె యంత్రము, చేతి యంత్రము. కరెంటు ఎల్లప్పుడు నుండు కట్టడములో తీగెతో నడుచు యంత్రము చౌక. బ్యాటరీ మార్చు ఖర్చు లేదు. నిచ్చెనపైనను, తడినేలపైనను, కరెంటు రాని క్రొత్త కట్టడములోను బ్యాటరీదే పైచేయి. 16, 20 మిల్లీమీటర్ల మిశ్రమ గొట్టములకు మాత్రమైన పొడవు పిడులుగల చేతి బిగింపు పనిముట్టు చాలును. కండబలము తప్ప దానికి వేఱు ఖర్చు లేదు. చిన్నపనులవారు దీనిని మఱవరాదు.

6. సేవ, విడిభాగములు. జర్మనీలో వీగా, నోవోప్రెస్, రెమ్స్, రోథెన్‌బెర్గర్, అమెరికాలో రిడ్జిడ్, మిల్వాకీ మొదలగు కంపెనీలు ఈ పనిలో పేరుపడినవి. పేరు ఒక్కటియే చాలదు. నిర్ణీతమైన సంఖ్యగల బిగింపులు కాగానే యంత్రమును విప్పి, సీళ్లు మార్చి, బలము సరిచూడవలసియుండును. కొన్ని యంత్రములు ఆ సంఖ్య రాగానే దీపము వెలిగించి హెచ్చరించును. మఱికొన్ని పూర్తిగా ఆగిపోవును. ఆ సేవ హైదరాబాదులోగాని విజయవాడలోగాని జరుగునా, ఎన్ని దినములు పట్టును, ఎంత వ్యయమగును అని ముందుగా వ్రాతమూలకముగ తెలిసికొనవలెను. చౌకయని పేరులేని యంత్రమును కొని, సీలు తెగిననాడు విడిభాగము దొఱకక దానిని ఇనుపకొట్టునకు వేయుటకంటె, ఆలస్యముగా మంచిది కొనుట మేలు.

7. పాత యంత్రము. ఇతరులు వాడిన యంత్రమును కొనునపుడు లోపలి లెక్కమీటరులో ఎన్ని బిగింపులైనవో చూడుడు. సేవ చేయించిన చీటీలను అడుగుడు. దవడల కీలులయందు జుట్టుమందపు పగుళ్లు ఉన్నవేమో వెలుతురులో పరిశీలింపుడు. పగిలిన దవడ నొక్కునపుడు విఱిగి తునకలు ఎగురును. దానిని ఉచితముగ ఇచ్చినను పుచ్చుకొనరాదు.

కొనుటకు ముందు అమ్మువానిని ఒక్క పని చేయుమని కోరవలెను. మనము వాడబోవు ఫిట్టింగులలో అన్నింటికంటె పెద్దదానిని తీసికొని, మన యెదుట నాలుగు అతుకులు వేయింపవలెను. పిమ్మట వానిలో రెంటిని రంపముతో నిలువున కోయించి, రబ్బరు తెగినదా, గొట్టము చివరివఱకు దిగినదా, లోహము చుట్టును సమముగా అదిమినదా అని చూడవలెను. మిగిలిన రెంటిని నీటి ఒత్తిడితో పరీక్షింపవలెను. దీనికి ఒప్పుకొనని వర్తకునివద్ద కొనకుడు.

పనిచేయు క్రమము

యంత్రమెంత మంచిదైనను క్రమము తప్పిన అతుకు చెడును. గొట్టమును చక్రపు కత్తితో సూటిగా కోయవలెను. కోసిన అంచు లోపల వెలుపల గీరి నునుపు చేయవలెను. లేనియెడల ఆ పదునైన అంచే రబ్బరును కోయును. రబ్బరు వలయము తన గాడిలో ఉన్నదో లేదో, దానిపై ఇసుక ఉన్నదో చూడవలెను. గొట్టము ఎంతలోతు దిగవలెనో తయారీదారు పట్టికలో చూచి, ఆ లోతును గొట్టముపై గుర్తు వేయవలెను. గొట్టమును త్రిప్పుచు జొనిపి, గుర్తు ఫిట్టింగు అంచునకు చేరినదని నిశ్చయించుకొనవలెను. గుర్తు లేకుండ నొక్కిన అతుకు గ్రుడ్డి అతుకు. అది సగములోతే దిగినను పైకి తెలియదు. దవడలను గొట్టమునకు సూటిగా పట్టి, యంత్రము తానే ఆగువఱకు మీట నొక్కియుంచవలెను. నడుమ ఆపిన అతుకును లెక్కలోనికి తీసికొనక మరల పూర్తిగా నొక్కవలెను. నొక్కిన ప్రతి అతుకుపై రంగుచుక్క పెట్టవలెను.

పని ముగిసిన పిదప మొదట తక్కువ ఒత్తిడితో నీరు నింపి, ప్రతి అతుకును చేతితో తడిమి చూడవలెను. నొక్కక మఱచినవి ఇప్పుడే బయటపడును. తరువాత పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి కొంతసేపు నిలిపి, మీటరు ముల్లు తగ్గినదో లేదో చూడవలెను. అధిక ఒత్తిడిగల గాలితో పరీక్షింపరాదు. బిగువు గాలి నిండిన గొట్టము ఊడిన తూటావలె కొట్టును. ఒక్కమాట: బిగించిన అతుకును విప్పుటకు లేదు. తప్పైన కోసి పారవేసి క్రొత్తది వేయవలసినదే. కావున ఫిట్టింగుల లెక్కలో నూటికి కొన్ని హెచ్చుగా తెచ్చుకొనుడు.

లాభనష్టముల లెక్క

ఒక ఉదాహరణముగా యంత్రమును దవడలును కలిపి 1,50,000 రూపాయలు అనుకొందము. అయిదేండ్లు పనిచేయునని పెట్టుకొన్న, సాలుకు 30,000. సేవకు, దవడల సంరక్షణకు 10,000, బ్యాటరీలకు 5,000. మొత్తము సాలుకు 45,000 రూపాయలు. వడ్డీ దీనికి వేఱు. సాలుకు 300 అతుకులు మాత్రమే వేసినవానికి ఒక్కొక్క అతుకునకు యంత్రపు ఖర్చే 150 రూపాయలు పడును. 3,000 అతుకులు వేసినవానికి 15 రూపాయలే. ఒక ఇంటికి 60 అతుకులు పట్టిన, 3,000 అతుకులకు 50 ఇండ్లు కావలయును. ఒక్క గ్రామములో ఒక్క సంవత్సరమున ఇట్టి గొట్టములు వేయు 50 ఇండ్లు లేవు. ఒంటరిగా కొనినవాడు నష్టపడుటకు ఇదియే కారణము.

అయితే పది గ్రామములకు కలిపి ఒక యంత్రమున్నయెడల లెక్క మాఱును. ట్రాక్టరు, నాట్లయంత్రము, మందుజల్లు యంత్రములను అద్దెకిచ్చు పద్ధతి మన సంఘములకు క్రొత్త కాదు. 2023లో ప్రకటింపబడిన మాదిరి నియమావళి సంఘములు ఇరువదియైదునకు పైబడిన వ్యాపారములను చేయుటకు వీలు కల్పించినది. ఆ మార్గముననే దీనిని గూడ నడుపవచ్చును.

సంఘములు చేయదగిన ఏర్పాటు

మొదట సంఘపు పరిధిలో గత రెండేండ్లలో రాగి, స్టెయిన్‌లెస్, మిశ్రమ గొట్టముల పనులు ఎన్ని జరిగెనో, వచ్చు సంవత్సరమున ఎన్ని జరుగునో పట్టిక వ్రాయుడు. ఇండ్లు, పాఠశాలలు, శుద్ధి కేంద్రములు అన్నియు అందులో చేరవలెను. ఆ పట్టికలో తగినన్ని అతుకులు కనబడనియెడల, విషయమును అంతటితో విడిచి, ఆ సొమ్మును విత్తనములకో ఎరువులకో వినియోగించుడు. దీనిలో సిగ్గుపడవలసినది లేదు. కనబడినయెడల పొరుగు సంఘములతో కలిసి ఉమ్మడిగా కొనుటకు యోచింపుడు.

కొనిన పిదప యంత్రమును ఎవరు అడిగిన వారికి ఈయక, శిక్షణ పొందిన ఇద్దఱు ముగ్గురు పనివారికే ఈయవలెను. ఒక పుస్తకములో తేదీ, తీసికొన్నవాని పేరు, పని జరిగిన చోటు, పోవునపుడును వచ్చినపుడును లెక్కమీటరు అంకెలు, దవడల స్థితి వ్రాయవలెను. అద్దెను దినమునకు కాక అతుకుల సంఖ్యకు కట్టిన న్యాయముగా నుండును, అరిగించినంతకే చెల్లింతురు. అద్దెలో కొంతభాగమును సేవకు, బ్యాటరీలకు వేఱు నిధిగా తీసియుంచవలెను. ఆ నిధి లేని యంత్రము మొదటి మరమ్మతుతోనే మూలపడును.

ప్లంబింగు వృత్తిలో ప్రవేశించు యువకులకు ఒక సలహా. పట్టణములలోను, గల్ఫు దేశములలోను పెద్దకట్టడముల పనిలో ఈ యంత్రము నడుప నేర్చినవానికి విలువ కలదు. అందుచేత నేర్చుకొనుట మంచిదే. కాని నేర్చుకొనుట వేఱు, కొనుట వేఱు. సంఘపు యంత్రముమీదనో, యజమాని యంత్రముమీదనో చేతిని సాధన చేసికొని, పని నిలుకడగా దొఱకుచున్నదని లెక్క తేలిన పిదపనే అప్పు కోరవలెను. పాలకవర్గమువారును అట్టి అప్పు దరఖాస్తు వచ్చినపుడు యంత్రపు పేరు అడుగుటకంటె ముందు మూడు సంగతులు అడుగవలెను: ఏ గొట్టముల పని దొఱకుచున్నది? సాలుకు ఎన్ని అతుకులు? సేవ ఎచ్చట? ఈ మూటికి సరియైన సమాధానము చెప్పగలవాడు అప్పు తీర్పగలవాడు.

నీటి చుక్క విలువను రైతునకు నేర్పవలసిన పని లేదు. ఆ చుక్క అతుకువద్ద పోకుండ కాపాడునది యంత్రపు వెలయును కాదు, కంపెనీ పేరును కాదు. గొట్టమునకు తగిన ఫిట్టింగు, ఫిట్టింగునకు తగిన దవడ, దవడకు తగిన చేయి. సభ్యులెల్లరు ఈ విషయమును రాబోవు సమావేశములో చర్చించి, తమ గ్రామపు లెక్కను తామే వేసికొని నిర్ణయింతురుగాక.